రోడ్డు బాగుపడ్డాక ప్రమాదాలు పెరిగాయి: స్పీడ్ బ్రేకర్ అడగాలా, ఫుట్ ఓవర్ బ్రిడ్జి అడగాలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. మీ కాలనీని, బడిని, కూరగాయల మార్కెట్టును కలిపే అరవై అడుగుల రోడ్డుకు ఆరు నెలల కిందట కొత్తగా తారు వేశారు. గుంతలు ఉన్నన్నాళ్లూ ఎవరికీ ఏమీ కాలేదు. ఇప్పుడు నెలకు ఒకరైనా దెబ్బలు తింటున్నారు: తెల్లవారుజామున పరుగుకు వెళ్లేవాళ్లు, సైకిల్ మీద బడికి వెళ్లే పిల్లలు, రోడ్డు దాటే పెద్దవాళ్లు. కాలనీ సంఘంలో ఒకరు స్పీడ్ బ్రేకర్లు అంటున్నారు, ఒకరు ఫుట్ ఓవర్ బ్రిడ్జి అంటున్నారు, ఇంకొకరు సైకిల్ ట్రాక్ అంటున్నారు. దేనికి అర్జీ పెట్టాలి?

నా మాట వింటే ఈ మూడింటిలో దేనికీ మొదటి అర్జీ పెట్టకండి. బడి దగ్గర ఒకటి, మార్కెట్టు దగ్గర ఒకటి, ఫుట్‌పాత్ ఎత్తుకు లేపిన జీబ్రా క్రాసింగులు అడగండి. దాటే మనిషి నడి రోడ్డులో ఆగి నిలబడడానికి చోటు అడగండి. సందులు కలిసే మూలల్లో అక్కరకు మించి పరిచిన తారును తగ్గించమని అడగండి. ఈ మూడూ కలిసి చేసే పని ఒక్కటే, బండి వేగాన్ని గంటకు 30 కి.మీ. దగ్గరకు దించడం. అది దిగితే మిగతా సమస్యల్లో సగం వాటంతట అవే సర్దుకుంటాయి. అది దిగకపోతే సైకిల్ ట్రాక్ వేసినా దాని మీదకూ కార్లే ఎక్కుతాయి.

నేను ఇరవై తొమ్మిదేళ్లు రోడ్ల ఇంజనీరుగా పనిచేసి రిటైర్ అయ్యాను. మీ రోడ్డు లాంటివి చాలానే వేయించాను కాబట్టి తప్పు ఎక్కడ జరుగుతుందో లోపలి నుంచి చూసినవాణ్ణి.

డ్రైవరు బోర్డు చదవడు, రోడ్డును చదువుతాడు. వెడల్పుగా, నున్నగా, తిన్నగా ఉన్న రోడ్డు అతనితో ‘ఇంకా తొక్కు’ అంటుంది. పక్కన ‘30’ అని రాసిన బోర్డు ‘వద్దు’ అంటుంది. రోడ్డు మాటే నెగ్గుతుంది. ఇన్నాళ్లూ మీ కాలనీకి జీతం లేని ట్రాఫిక్ పోలీసులు ఆ గుంతలే. వాటిని పూడ్చి, ఆ ఉద్యోగంలో ఇంకెవరినీ పెట్టలేదు. గుంతలు మళ్లీ తవ్వమనడం లేదు లెండి, అవి స్కూటర్ల మీద వెళ్లేవాళ్ల ప్రాణం తీస్తాయి.

30 అని ఎందుకు పట్టుబడుతున్నానో ఒక లెక్క చెబుతాను. 14 మీటర్ల దూరంలో ఒక పాప సైకిల్ తూలి రోడ్డు మధ్యకు వచ్చిందనుకోండి. చూసి, బ్రేకు మీద కాలు వేయడానికి మామూలు మనిషికి ఒక సెకను పడుతుంది. 30లో వస్తున్న కారు ఆ సెకనులో 8 మీటర్ల పైచిలుకు జరిగి, పొడి రోడ్డు మీద ఇంకో 5 మీటర్లలో ఆగిపోతుంది, పాప సైకిలుకు అరమీటరు ముందు. 50లో వస్తున్న కారు ఆ ఒక్క సెకనులోనే దాదాపు ఆ 14 మీటర్లూ వచ్చేస్తుంది. అంటే బ్రేకు పట్టేలోపే, ఇంచుమించు పూర్తి 50 వేగంతో తగులుతుంది. నైపుణ్యంలో తేడా లేదు, బ్రేకుల్లో తేడా లేదు. వాన పడిందంటే లెక్క ఇంకా ఘోరం. 2020లో స్టాక్‌హోమ్‌లో వివిధ దేశాల రవాణా మంత్రులు చేసిన ప్రకటన కూడా నడిచేవాళ్లు, సైకిళ్లు, వాహనాలు కలగలిసి తిరిగే చోట 30కి మించనివ్వవద్దనే చెప్పింది.

నా మొదటి పోస్టింగులో ఒక హైస్కూలు ముందున్న ఏడు మీటర్ల రోడ్డును పన్నెండు మీటర్లు చేశాను. రెండు వైపులా ఉన్న వేప చెట్లు కొట్టించాను. పని గడువుకు ముందే పూర్తయింది, పై అధికారి మెచ్చుకున్నారు. మూడో నెలలో తొమ్మిదో తరగతి కుర్రవాడు బడి గేటు ఎదురుగానే సైకిల్ మీద దెబ్బతిన్నాడు. ప్రాణం దక్కింది, కుడి కాలు సరిగ్గా అతకలేదు. పరామర్శకు వెళితే హెడ్మాస్టరు గారు కాఫీ ఇప్పించి, చాలా మర్యాదగా అడిగారు: “సార్, మా పాత రోడ్డు మాకు తిరిగి ఇప్పించగలరా?” జవాబు చెప్పలేకపోయాను. ఆ రోజుల్లో ఎస్టిమేటులో వెడల్పు కాలమ్ ఉండేది, దాటేవాళ్లకు కాలమ్ ఉండేది కాదు.

ఇక మీ రోడ్డు సంగతి. అరవై అడుగులంటే 18 మీటర్లు. కాలువలు, గేట్ల ముందు జాగా పోను తారు 12 మీటర్లు ఉంటుందనుకుంటున్నాను, టేపు పెట్టి కొలవండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ సెకనుకు 0.9 మీటరు నడుస్తుంది. పన్నెండు మీటర్లు దాటడానికి 13 సెకన్లు. 50లో వచ్చే బండి 13 సెకన్లలో 180 మీటర్లు వస్తుంది. అంత దూరంలో ఉన్న మోటారు సైకిల్‌ను చూసి వేగం అంచనా కట్టడం చూపు బాగున్నవాళ్లకే కష్టం, అదీ రెండు వైపులా ఒకేసారి. అదే రోడ్డు మధ్యలో రెండు మీటర్ల వెడల్పున కాంక్రీటు దిమ్మె కట్టి, మధ్యలో రోడ్డు మట్టానే దారి వదిలితే ఆమె ఒకసారి అయిదు మీటర్లే దాటాలి, ఒక వైపే చూడాలి. దిమ్మె రాగానే బండ్లు వెళ్లే దారి కూడా సన్నబడుతుంది, డ్రైవరు కాలు తనంతట తానే బ్రేకు మీదకు వస్తుంది. సిటీ బస్సు వెడల్పు రెండున్నర మీటర్ల పైన ఉంటుంది, మూడు మీటర్ల పైచిలుకు వెడల్పున్న వరసలో హాయిగా వెళ్తుంది. ‘బస్సు పట్టదండీ’ అని ఎవరైనా అంటే టేపు వాళ్ల చేతికివ్వండి.

మూలల పరీక్షకు ముగ్గు పిండి చాలు. సన్నగా జల్లు పడి ఆరిన మర్నాడు ఉదయం సందు మలుపు దగ్గర నిలబడండి. టైర్లు తిరిగే చోట తారు నల్లగా మెరుస్తుంది. తిరగని చోట దుమ్ము, ఆకులు, ఇసుక పేరుకుని ఉంటాయి. ఆ అంచు వెంబడి ముగ్గు గీయండి. ఒక పట్టణంలో ఇలాగే నలుగురం ఇంజనీర్లం వంగి గీస్తుంటే గీత వంకరటింకరగా వస్తోంది. మూల ఇంటి ఇల్లాలు కాసేపు చూసి, ‘ఇలా తెండి’ అని గిన్నె లాక్కుని ఒక్క విసురులో వంపు గీసేసింది. అప్పుడు కొలిస్తే, ఒక్క మూలలో ఏ బండీ వాడని తారు మూడు ఆటోలు నిలిపేటంత ఉంది! అది వృథా మాత్రమే అయితే పోనీ అనుకోవచ్చు. మూల అంత విశాలంగా గుండ్రంగా ఉండబట్టే ఎడమకు తిరిగే మోటారు సైకిళ్లు వేగం తగ్గించకుండా తిరుగుతున్నాయి, సరిగ్గా అక్కడే పిల్లలు దాటుతున్నారు.

ట్రాఫిక్ సీఐ గారి అనుమతితో సగానికి కోసిన పాత తారు డ్రమ్ములు ఇసుకతో నింపి, తెల్ల పెయింటు, మెరిసే టేపు వేసి ఆ గీత మీద నెల రోజులు పెట్టాం. రెండో రోజే ఎదురు దుకాణదారు ఒక డ్రమ్మును దొర్లించేశాడు, బేరం పోతుందని. మూడో వారానికి ఆ మూలలో మజ్జిగ బండి వెలిసింది, జనం నిలబడ్డారు, ఆయన బేరమూ పెరిగింది. నెల తరవాత అదే గీత మీద కెర్బు రాళ్లు, అంటే ఫుట్‌పాత్ అంచు రాళ్లు, పాతారు. ముందు డ్రమ్ములు, తరవాత కాంక్రీటు: ఈ వరస బాగా పనికొస్తుంది. తప్పు చేస్తే డ్రమ్ము జరుపుకోవచ్చు, కాంక్రీటును జరపలేం. మీ సందుల్లోకి చెత్త లారీ, అగ్నిమాపక శకటం తిరగగలవో లేదో కూడా ఈ నెలలోనే తేలిపోతుంది.

స్పీడ్ బ్రేకర్లకు నేను శత్రువును కాదు. మన దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్. దాని ప్రమాణం ప్రకారం కట్టిన గుండ్రటి బ్రేకరు 3.7 మీటర్ల పొడవున, నడుమ 10 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. 25 వేగంలో దాని మీద నుంచి పోతే నడుము కదలదు. మన వీధుల్లో వేసేది అది కాదు. పని ముగిశాక లారీలో మిగిలిన తారును అడుగున్నర వెడల్పున కుప్పపోసి రోలరు తిప్పుతారు. రంగు ఉండదు, 40 మీటర్ల ముందు ఉండవలసిన హెచ్చరిక బోర్డు ఉండదు. రాత్రి వెనక కూర్చున్న మనిషి ఎగిరి పడేది అక్కడే. ఇంకొకటి గమనించండి. బ్రేకరును కాలువ దాకా వేయరు, వాన నీరు పోవాలని అంచున రెండడుగులు వదిలేస్తారు. మోటారు సైకిళ్లన్నీ ఆ సందులోంచే దూరుతాయి, టైర్లకు అక్కడి తారు అద్దంలా నున్నబడి ఉంటుంది. నడిచేవాళ్లు, సైకిల్ పిల్లలు ఉండేది కూడా ఆ రెండడుగుల్లోనే! నీటికి కింద గొట్టం వేసి బ్రేకరును కెర్బు దాకా తీసుకురమ్మని అడగాలి.

నేను చెప్పే ఎత్తు క్రాసింగు కూడా ఒక రకం బ్రేకరే, కాకపోతే పైభాగం చదునుగా మూడు మీటర్లకు తగ్గకుండా ఉంటుంది, దాని మీదే జీబ్రా గీతలు ఉంటాయి. మనిషి రోడ్డులోకి దిగడు, బండే మనిషి మట్టానికి ఎక్కుతుంది. దాటేవాడు నాలుగంగుళాలు పైకి లేచి కనిపిస్తాడు. రెండు వైపులా దీపం ఉండేలా చూడండి. ఒకే వైపు ఉంటే రెండో వైపు నుంచి వచ్చేవాడికి మనిషి నీడగానే కనిపిస్తాడు. బస్సు స్టాపు క్రాసింగుకు ముందు ఉంటే దాటించి అవతల పెట్టించండి, దిగినవాళ్లు బస్సు ముందు నుంచి కాక వెనక నుంచి దాటుతారు. డివైడరులో మొక్కలు మోకాలెత్తు దాటితే కత్తిరించాలి. మున్సిపాలిటీ వాళ్లు ప్రేమగా పెంచిన గన్నేరు పొదల వెనక ఎనిమిదేళ్ల పిల్ల పూర్తిగా మాయమవుతుంది.

ఫుట్ ఓవర్ బ్రిడ్జి గురించి ఒక్క ముక్క. వద్దు. కనీసం మీ రోడ్డుకు వద్దు. ఒక ఊళ్లో అలాంటి బ్రిడ్జి ఎదురుగా టీ కొట్టులో గంటసేపు కూర్చుని లెక్క వేశాను. కింద నుంచి రెండు వందల మందికి పైగా దాటారు. పైన ఇద్దరు కనిపించారు, ఒకాయన ఫోను మాట్లాడుకుంటున్నాడు, రెండో ఆయన నిద్రపోతున్నాడు. చేతిలో కూరగాయల సంచితో నలభై మెట్లెక్కి నలభై మెట్లు దిగమంటే ఎవరు వింటారు? ఆరు వరసల జాతీయ రహదారి మీద, లిఫ్టుతో అయితే అది వేరే చర్చ.

ఫుట్‌పాత్ అడిగేటప్పుడు ‘ఫుట్‌పాత్ కావాలి’ అని మాత్రం రాయకండి, అది ఇప్పటికే ఉందని కాగితాల్లో ఉంటుంది. అడ్డంకులు లేకుండా 1.8 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్లకు మించని ఎత్తు అని రాయండి. ప్రమాణం అదే. ఎత్తు ఎందుకంటే, అడుగెత్తు ఫుట్‌పాత్‌ను పెద్దవాళ్లు ఎక్కలేరు, ఎక్కలేనివాళ్లు రోడ్డు మీదే నడుస్తారు. రెండో పీడ గేటు ర్యాంపులు. ప్రతి ఇంటివాళ్లూ కారు కోసం ఫుట్‌పాత్‌ను కోసి ఏటవాలు చేసుకుంటారు, నడిచేవాళ్లకు ఇరవై అడుగులకు ఒకసారి కొండెక్కి దిగినట్టు ఉంటుంది. ఫుట్‌పాత్ సమంగా సాగాలి, కారే ఎక్కి దిగాలి. ఇది చెబితే మీ సంఘంలోనే సగం మంది మీకు దూరమవుతారు. నాకూ ఇలాగే ఒక పాత మిత్రుడు దూరమయ్యాడు, ఆయన గేటు ర్యాంపు నాలుగడుగులు రోడ్డులోకే ఉండేది.

పరుగెత్తేవాళ్ల మాట. వాళ్లు ఫుట్‌పాత్ వదిలి తారు మీద ఎందుకు పరుగెడతారని మీ సంఘంలో ఎవరో విసుక్కున్నారని రాశారు. వదులైన టైలు మీద కాలు పడితే మడమ తిరుగుతుంది, ఆ ర్యాంపుల మీద పరుగు సాగదు, అంతే కారణం. నేను వాళ్లకు చెప్పేది: ఫుట్‌పాత్ లేని చోట రోడ్డుకు కుడి అంచున, ఎదురుగా వచ్చే బండ్లను చూస్తూ వెళ్లండి. లేత రంగు బట్టలు, చీకట్లో మెరిసే పట్టీ వేసుకోండి. చెవుల్లో పాటలు వద్దు. సైకిల్ మాత్రం ఎడమ వైపే, ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం. ఇన్ని చెప్పి కూడా ఇవే కాపాడతాయని అనను. 2023 జులైలో హైదరాబాదు శివారు బండ్లగూడ జాగీర్‌లో ఉదయం నడకకు వెళ్లిన తల్లీ కూతుళ్లు అదుపు తప్పి దూసుకొచ్చిన కారు కింద చనిపోయారు. తెల్లటి పగటి వెలుగు, వాళ్లున్నది రోడ్డు పక్కన. బట్టల రంగు అక్కడ ఏం చేస్తుంది? పొద్దున్నే రోడ్డు ఖాళీగా ఉంటుంది, ఖాళీ రోడ్డు మీదే వేగం ఎక్కువ. విశాఖ బీచ్ రోడ్డులో తెల్లవారుజామున వాహనాలు ఆపి నడకకు వదిలినట్టు, మీ కాలనీ చుట్టూ ఒక కిలోమీటరు దారిని రోజూ రెండు గంటలు మూయించమని పోలీసులను అడగండి. రెండు బారికేడ్లు, ఒక హోంగార్డు. దీనికి ఎస్టిమేటు కూడా అక్కర్లేదు.

సైకిల్ ట్రాక్ గురించి. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల ట్రాక్ వచ్చింది, పైన సోలార్ పలకల కప్పుతో. నేను తొక్కాను, హాయిగా ఉంది. కానీ మన ఊళ్లలో రోజూ సైకిల్ తొక్కేది వాచ్‌మన్లు, తాపీ పని వాళ్లు, పాలు పోసేవాళ్లు, బడి పిల్లలు. వాళ్ల దారి ఇంటి నుంచి పని దాకా, బడి దాకా. బండ్లు 30లో నడిచే వీధిలో వాళ్లకు వేరే ట్రాక్ అవసరం లేదు. 50 దాటే రోడ్డు మీద రంగు గీత సరిపోదు, కెర్బు కట్టి వేరు చేయాల్సిందే, లేకపోతే మర్నాటికే అది కార్ల పార్కింగు. మీ రోడ్డులో సైకిళ్ల కోసం ఈ వారమే చేయించగలిగింది ఒకటుంది: వాన నీటి కాలువల మీది ఇనుప జాలీలు చూడండి. కమ్మీలు రోడ్డు వెంబడి నిలువుగా ఉంటే సైకిల్ ముందు చక్రం అందులో దిగబడి మనిషి తలకిందులుగా పడతాడు. జాలీని తీసి అడ్డంగా తిప్పి వేస్తే చాలు, తిరగకపోతే పైన రెండు అడ్డ కమ్మీలు వెల్డింగు చేయించాలి. నేను ఒక వార్డులో పదకొండు జాలీలు ఒక్క మధ్యాహ్నంలో మార్పించాను. అన్నేళ్ల ఉద్యోగంలో అంత చవకగా అంత మేలు ఇంకెక్కడా చేయలేదేమో.

ఇక అర్జీ. ముందు రోడ్డు ఎవరిదో తేల్చుకోండి: మున్సిపాలిటీదా, రోడ్లు భవనాల శాఖదా, పంచాయతీరాజ్‌దా. సగం అర్జీలు తప్పు ఆఫీసులో పడి చస్తాయి. ఆ రోడ్డు మీద మూడేళ్లలో నమోదైన ప్రమాదాల వివరాలు, చోటు, సమయం, దెబ్బతిన్నది నడిచేవారా సైకిలా అన్నది, సమాచార హక్కు కింద పోలీసు స్టేషనులో అడగండి. కేసు దాకా రాని దెబ్బల జాబితా మీరే ఇల్లిల్లూ తిరిగి రాసుకోండి. దాన్ని కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి పంపండి, ఒక నకలు సోమవారం కలెక్టరేట్లో ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్సులో కూడా ఇచ్చి రసీదు తీసుకోండి. ‘ప్రమాదాలు నివారించగలరు’ అని ముగించే అర్జీకి ‘తగు చర్య తీసుకోబడుతుంది’ అనే జవాబు వస్తుంది. ఫలానా గేటు ఎదురుగా, ఇంత వెడల్పున ఎత్తు క్రాసింగు, ఇదిగో బొమ్మ అని రాస్తే అది అసిస్టెంట్ ఇంజనీరు టేబుల్ మీదకు వెళ్తుంది.

చట్టం కూడా మీ వైపే ఉంది. 2019 సవరణ తరవాత మోటారు వాహనాల చట్టం 198ఎ సెక్షను ప్రకారం, నిర్దేశించిన ప్రమాణాలు పాటించకుండా రోడ్డు వేసి, దాని వల్ల మనిషి చనిపోయినా వికలాంగుడైనా బాధ్యులైన అధికారికి, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. 2025 మేలో సుప్రీంకోర్టు ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమని చెప్పింది. అక్టోబరులో అదే కోర్టు నడిచేవాళ్ల భద్రతకు, రోడ్ల డిజైనుకు నిబంధనలు ఆరు నెలల్లో చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. అర్జీలో వీటిని ఒక్క వాక్యంలో ప్రస్తావించండి, బెదిరింపులా వద్దు. ‘ఇన్ని ఎందుకండీ’ అనే అధికారి కోసం ఒక అంకె కూడా పెట్టుకోండి: 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే అందులో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లే.

‘రోడ్డు ఇరుకైతే ట్రాఫిక్ జామ్ అవుతుంది’ అని పోలీసులు తప్పకుండా అంటారు. ఊళ్లో రోడ్డు ఎన్ని బండ్లను మోస్తుందో తేల్చేది కూడలి, మధ్యలోని వెడల్పు కాదు. మధ్యలో 60లో పరుగెత్తినవాడు కూడలి దగ్గర అందరితో పాటే ఆగుతాడు. మీ వైపు నుంచి ఎవరైనా ఒకరు బడి గేటు నుంచి కూడలి దాకా 50లోను, 30లోను చెరో మూడు సార్లు బండి నడిపి సమయం రాసుకుంటే, వాదించాల్సిన పని ఉండదు.

ఒక షరతు. ఇదంతా మీది ఊరి లోపలి రోడ్డు అనుకుని చెప్పాను. లారీలు, ఇసుక టిప్పర్లు రాత్రింబవళ్లు తిరిగే రాష్ట్ర రహదారి అయితే ఎత్తు క్రాసింగు ఒక్కటే పెడితే ప్రమాదం. దానికి ముందే వేగం మెట్లు మెట్లుగా దించాలి, సర్వీసు రోడ్డు కావాలి. కాబట్టి తారు వెడల్పు, రోడ్డు ఏ శాఖదో, బడి గంటకు అరగంట ముందు అటూ ఇటూ ఎంతమంది దాటుతున్నారో లెక్క, ఈ మూడూ ఇక్కడ రాయండి. గేటు ఎదురుగా నిలబడి రెండు వైపులా తీసిన ఫొటోలు కూడా పెట్టండి. క్రాసింగు బొమ్మ నేను గీసి ఇస్తాను.